బీరువాలో ఉన్న ఆర్‌సీ

మణికొండలో కూర్చుని ట్రాక్టర్ల మీద ఏం రాస్తావని మావారు నవ్వారు. ఎందుకు రాయకూడదు? మార్చి వచ్చిందంటే అల్కాపూర్ నుంచి పుప్పాలగూడ దాకా ప్రతి సందులో నీళ్ల ట్యాంకరు లాక్కుంటూ కనిపించేది అదేగా. కట్టే అపార్ట్‌మెంటుకి ఇసుక తెచ్చేదీ, కూల్చిన గోడల మట్టి ఎత్తుకుపోయేదీ అదే. దానికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న చాలా ఇళ్లలో, ఊళ్లో తిరుగుతున్న ట్రాక్టరు తాలూకు ఆర్‌సీ మన బీరువాలోనే ఉంటుంది. పొలం పాస్‌బుక్కు ఈయన పేరున ఉందనో, జీతం ఉన్నవాడికి లోను తేలిగ్గా వస్తుందనో, పెద్దవాడి పేరుతో కొంటే కలిసొస్తుందనో అలా రాయించేస్తారు. నడిపేది మరిది, లేకపోతే ఆయన పెట్టుకున్న డ్రైవరు. మనం పండక్కి వెళ్లినప్పుడు దానికి బొట్టు పెట్టి, ఫొటో దిగి వస్తాం.

ఆ ట్రాక్టరుకి ఏదన్నా అయితే ఎవరిది బాధ్యత అన్నది మాత్రం ఏ ఇంట్లోనూ మాట్లాడుకోరు. అపశకునం అనుకుంటారు.

2018లో తెలంగాణలో రెండున్నర నెలల్లో రెండు ఘోరాలు జరిగాయి. ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిరపకాయ కోయడానికి వెళ్తున్న ఆడవాళ్ల ట్రాక్టరు ఏఎంఆర్పీ కాలవలో పడింది. తొమ్మిది మంది పోయారు. జూన్ 24న వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర, పత్తి చేలో పనికి బయల్దేరిన వేములకొండ కూలీల ట్రాక్టరు మూసీ కాలవలో తిరగబడింది. అక్కడ 15 మంది, దాదాపు అందరూ ఆడవాళ్లే. 2020 మే 14న ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరప కోతల నుంచి తిరిగొస్తున్న ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దితే తొమ్మిది మంది చనిపోయారు. నాయకులు వచ్చారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. వార్తల్లో మొదటి మాట ఒకటే: డ్రైవరు నిర్లక్ష్యం.

డ్రైవరు తప్పు ఉండదని నేను అనను. కానీ ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోవడం వల్ల మిగతావాళ్లందరం హాయిగా తప్పించుకుంటున్నాం. మనుషులు కూర్చోవడానికి చేయని ట్రాలీలో ఇరవై, ముప్ఫై మందిని ఎక్కించమన్నది ఎవరు? పొద్దున్న ఆటోకి డబ్బులెందుకు, ట్రాక్టరు ఎలాగూ వెళ్తోందిగా అన్నది ఎవరు? ఆ ట్రాలీకి సొంతంగా బ్రేకులు లేకుండా తయారుచేసి అమ్మింది ఎవరు? వీళ్లలో ఒక్కరి పేరూ వార్తలో ఉండదు.

చట్టం దగ్గరికి వద్దాం. ఇందులో మనకి నేరుగా తగిలేది ఆర్‌సీ. బండి చేతులు మారినా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో వాళ్లే ప్రమాదం విషయంలో యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బండి అమ్మేసి పేరు మార్పించనివాళ్లకే ఆ గతి పడితే, బండి ఇంకా మనదే అయినప్పుడు వేరే చెప్పాలా? "నేను హైటెక్ సిటీలో ఆఫీసులో ఉన్నాను, బండి మా తమ్ముడు చూసుకుంటాడు" అంటే ట్రిబ్యునల్ వినదు.

ఇన్సూరెన్సు ఉందిగా అంటారు. పాలసీ కాగితం తీసి చదవండి. మామూలుగా అది ట్రాక్టరుకి, వ్యవసాయ పనికి, ఒక్క డ్రైవరుతో నడిచేందుకు ఇచ్చినది. ట్రాలీకి విడిగా తీసుకోవాలి. 2007లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన బ్రిజ్ మోహన్ కేసు సరిగ్గా ఇదే. ఇటుక బట్టీకి మట్టి తోలే ట్రాలీలో ఉన్న కూలీ గాయపడ్డాడు. ఇన్సూరెన్సు ట్రాక్టరుకే ఉంది, అదీ పొలం పనికే. బీమా కంపెనీకి బాధ్యత లేదని కోర్టు ఒప్పుకుంది. కూలీ బీదవాడు కాబట్టి తన ప్రత్యేక అధికారంతో ముందు కంపెనీ చేత డబ్బు ఇప్పించి, దాన్ని యజమాని దగ్గర వసూలు చేసుకోమంది. ఆ దయ ప్రతి కూలీకీ దొరకదు. దొరికినా చివరికి బిల్లు వచ్చేది యజమాని గుమ్మానికే.

మరి ట్రాక్టరు తయారుచేసిన కంపెనీ సంగతి? ఈ ప్రశ్న మన దగ్గర ఎవరూ అడగకపోవడం నాకు వింతగా ఉంటుంది. మిక్సీ పేలితే కంపెనీని తిట్టుకుంటాం, ట్రాక్టరు మనిషిని మింగితే తలరాత అంటాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. వస్తువు లోపం వల్ల మనిషికి హాని జరిగితే తయారీదారు మీద పరిహారానికి వెళ్లే దారి అందులో విడిగా పెట్టారు. తయారీలో లోపం ఉన్నా, డిజైన్‌లోనే లోపం ఉన్నా, ఎలా వాడాలో, ఎలా వాడకూడదో సరిగ్గా చెప్పకపోయినా అడగొచ్చు. కొన్నవాళ్లే కాదు, వాళ్ల అనుమతితో వాడేవాళ్లు కూడా వినియోగదారులే. రైతు పంట అమ్ముకుంటాడు కాబట్టి వినియోగదారుడు కాదన్న వాదనని 2012లోనే, మన రైతుల విత్తనాల కేసులో, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌కి వ్యతిరేకంగా సుప్రీంకోర్టు కొట్టేసింది.

వినడానికి బాగుంది కదా. ఇప్పుడు అదే చట్టంలో 87వ సెక్షన్ చూడండి. వస్తువుని తప్పుగా వాడినా, మార్చినా అమ్మినవాడి మీద కేసు నిలవదు. అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించలేదని తయారీదారుని తప్పు పట్టడానికి లేదు. పనిచోట వాడకానికి యజమాని కొన్న వస్తువైతే, యజమానికి హెచ్చరికలు ఇస్తే చాలు, పనివాళ్లకి చెప్పలేదని కంపెనీని అడగలేం.

ఈ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ట్రాక్టరుతో ప్లాస్టిక్ కవర్లో ఒక పుస్తకం వస్తుంది. తిరిగే షాఫ్టు దగ్గరికి వదులు బట్టలతో వెళ్లొద్దు, మడ్‌గార్డు మీద మనుషుల్ని కూర్చోబెట్టొద్దు అని బొమ్మలేసి ఉంటుంది. ఆ పుస్తకం ఆర్‌సీతో పాటు బీరువాలోకి వెళ్తుంది. అంటే చట్టం లెక్కలో హెచ్చరిక అందినట్టే. మనకి అందింది. నూర్పిడి మిషన్ దగ్గర నిలబడే ఆమెకి అందలేదు. కంపెనీ తప్పించుకునే దారి మన ఇంట్లోంచే పోతోంది.

ఆ షాఫ్టు గురించి ఆడవాళ్లకే ఎక్కువ తెలియాలి. ట్రాక్టరు వెనక పీటీవో అని ఉంటుంది, రోటవేటరుకీ నూర్పిడి మిషనుకీ శక్తి ఇచ్చే ఇనప కడ్డీ. మామూలుగా నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకి తొమ్మిది. కొంగు చివర తగిలిందంటే, "అయ్యో" అనేలోపే మనిషిని లాగేస్తుంది. చున్నీ అయినా, జడ అయినా అంతే. పొలం పనికి వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కోవడం మీరు చూసే ఉంటారు. ఎండకీ దురదకీ అంటారు గానీ, కొంగుని ఒంటికి అదిమిపెట్టేది కూడా ఆ చొక్కానే. ఏ కంపెనీ ఇవ్వని రక్షణ, వాళ్లు వాళ్లకి చేసుకున్నది.

కంపెనీ ఇచ్చిన రక్షణ షాఫ్టు మీద ప్లాస్టిక్ మూత. గ్రీజు పెట్టడానికి అడ్డమని మొదటి సీజన్లోనే తీసి పాకలో పడేస్తారు. మనిషి పోయాక ఫొటోల్లో ఆ మూత లేకపోవడమే ఎదుటి లాయరు మొదట చూపించేది. మూత తీస్తే గానీ గ్రీజు పెట్టలేని డిజైన్ లోపం కాదా అని మన తరఫున వాదించొచ్చు, వాదించాలి కూడా. కానీ మూత పాకలో దొరికితే ఆ వాదన ఎంత బరువు తూగుతుందో ఊహించండి.

ట్రాలీది ఇంకో కథ. అది పెద్ద కంపెనీ నుంచి రాదు. పక్క టౌన్లో వెల్డింగ్ షాపులో చేయిస్తారు. భాగాలు కలిపి అతికించినవాడు కూడా చట్టం దృష్టిలో తయారీదారే. కానీ బిల్లు ఉండదు. చేత్తో రాసిన చీటీ ఉంటే అదే గొప్ప. వెనక రేడియం స్టిక్కరు కూడా లేకుండా రోడ్డెక్కే ఆ ట్రాలీని చీకట్లో గుద్ది చనిపోయే బైకు కుర్రాళ్లు మరో లెక్క.

కంపెనీలని వదిలేయమని కాదు నేను చెప్పేది. ట్రాక్టరు బోల్తా పడ్డా డ్రైవరు నలిగిపోకుండా కాపాడే ఉక్కు చట్రాన్ని కొత్త ట్రాక్టర్లకి స్వీడన్ 1959లోనే తప్పనిసరి చేసింది. సీటు బెల్టుతో కలిపితే అది ప్రాణం నిలబెడుతుంది. దమ్ము చక్రాలతో గట్టు ఎక్కుతూ ముందు భాగం లేచి వెనక్కి పడినప్పుడు, దూకడానికి టైము ఉండదు. అరవై ఏళ్లు దాటినా మన పొలాల్లో ఆ చట్రం లేని ట్రాక్టర్లు ఎన్ని తిరుగుతున్నాయో ఊరెళ్లినప్పుడు చూడండి. మ్యూజిక్ సిస్టమ్ మాత్రం ఉంటుంది.

ఇక్కడ మన గేటెడ్ కమ్యూనిటీల పచ్చికలో జరిగేది కూడా ఇదే, చిన్న సైజులో. అమెరికాలో 1982 నుంచి, నడుస్తూ తోసే లాన్ మోవరు పిడి వదిలితే మూడు సెకన్లలో బ్లేడు ఆగాలి. అక్కడున్న మా తోటికోడలు అది వదిలిన వెంటనే ఆగిపోతుందని విసుక్కునేది, ఎందుకో తెలిశాక మానేసింది. ఇక్కడ మన మాలి హవాయి చెప్పులతో, కళ్లద్దాలు లేకుండా, గార్డు తీసేసిన బ్రష్ కట్టరు భుజానికి వేసుకుని, పిల్లలు ఆడుకునే పక్కనే గడ్డి కోస్తాడు. రాయి ఎగిరితే? మిషన్ కొన్నది అసోసియేషన్. హెచ్చరికల పుస్తకం ఆఫీసు రూములో ఉంటుంది.

నేను మావారి చేత మా మరిదికి ఫోన్ చేయించాను. ట్రాలీకి ఇన్సూరెన్సు, పనివాళ్లకి పాలసీలో విడిగా కవరు, షాఫ్టుకి కొత్త మూత, కూలీలకి ఆటో. ఆటో ఖర్చు దగ్గర మాట పెరిగింది. కోతల సీజన్ మొత్తానికి అయ్యేదెంతో లెక్కేసి, దాంట్లో సగం మేం పెట్టుకుంటామన్నాం. మా అత్తగారు, "మేమంతా ట్రాక్టర్ల మీదే తిరిగాం, ఏమైంది?" అన్నారు. ఏమీ కానివాళ్లే కదండీ ఆ మాట చెప్పడానికి మిగిలేది అని పైకి అనలేదు.

చివరగా, ఎవరికైనా అవసరపడొచ్చు కాబట్టి. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. మనం ఉంటున్న చోటే ఫిర్యాదు ఇవ్వొచ్చు, కంపెనీ ఉన్న ఊరికి పరిగెత్తక్కర్లేదు. వస్తువుకి కట్టిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ చాలు. 5 నుంచి 10 లక్షల ట్రాక్టరుకి ఫీజు 200 రూపాయలు. బిల్లు, పాలసీ, మాన్యువల్, ప్రమాదం జరిగినరోజు బండిని ఎవరూ కదపకముందు తీసిన ఫొటోలు దగ్గరుంచుకోండి. కూలీల వైపు నుంచైతే, ట్రాక్టర్లతో చేసే వ్యవసాయంలో పనిచేసేవాళ్లని, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న కార్మిక నష్టపరిహార చట్టం షెడ్యూల్లో ఎప్పుడో చేర్చారు. వాళ్లు అడగాల్సింది ఆ యజమానిని. ఆర్‌సీ మీద పేరున్నవాళ్లని.