‘ఏమన్నా కావాలంటే చెప్పండి’ అంటే సాయం చేసినట్టు కాదు

అక్టోబరు నెలలో మన కళాశాలలో అందరం గులాబీ రంగు రిబ్బను పెట్టుకొన్నాం. రొమ్ము క్యాన్సరును ముందుగా ఎట్ల కనిపెట్టాలో డాక్టరమ్మ వచ్చి చక్కగా చెప్పింది. గడ్డ చేతికి తగిలితే, నొప్పి లేదు గదా అని ఊరుకోవద్దు అన్నది. మనందరికీ అవసరమైన మాటే. కానీ జబ్బు బయటపడిన తర్వాత ఆ ఇంట్లో ఎవరు ఏ పని చేయాలి అన్న సంగతి ఆ రోజు రాలేదు. నేను రాసేది దాని గురించే.

నిరుడు మా చిన్నమ్మకు ఈ జబ్బు అని తేలింది. హోసూరులో వాళ్ళిల్లు, బెంగళూరులో వైద్యం. అవ్వ, మేనత్త, మిగతా పెద్దలందరూ కూర్చొని ఒక తీర్మానం చేసినారు. “పిల్ల ఒక ఆర్నెల్లు కాలేజీ నిలిపేసి వాళ్ళింట్లో ఉంటే సరిపోతుంది. పరీక్షలు మళ్ళీ రాసుకోవచ్చు.” ఆ పిల్లను నేనే. నన్నెవరూ అడగలేదు. నేనూ నోరు తెరవలేదు. చిన్నమ్మ అంటే నాకు ప్రాణం, కాదంటే పాపమనిపించింది.

కాదన్నది చిన్నాయన. “దాని చదువు నిలిపి మా ఇంట్లా గిన్నెలు తోమించేది వద్దమ్మా. పెండ్లాం నాది, నేను చూసుకుంటా” అన్నాడు. “మొగోడివి, నీకేం తెలుసురా?” అని అవ్వ కోపం చేసింది.

నిజంగానే ఆయనకు ఏమీ తెలీదు. నేర్చుకున్నాడు. ఆపరేషన్ అయినంక చిన్నమ్మ పక్కన గొట్టం పెట్టి పంపించినారు. దాంట్లో చేరే నీరు ఎంత వచ్చిందో పొద్దున్నే కొలిచి నోటుబుక్కులో రాసేవాడు. చెయ్యి బిగుసుకు పోకుండా గోడ మీద వేళ్ళు పైకి జరిపించే వ్యాయామం దగ్గరుండి చేయించేవాడు. ఆ తర్వాత కీమో, 21 రోజులకొకసారి, మొత్తం 8 సార్లు. మూడో వారంలో జుట్టు గుప్పిళ్ళుగా ఊడిపోతుంటే, చిన్నమ్మే అడిగి ఆయన చేత మొత్తం తీయించుకున్నది.

అయితే ‘నేను చూసుకుంటా’ అన్న మాట రెండో కీమో వరకే నిలిచింది. రాత్రి చిన్నమ్మ వాంతులు, పొద్దున పిల్లల బడి, ఆ పైన ఫ్యాక్టరీ షిఫ్టు. ఒకనాడు మిషన్ దగ్గర నిలబడే కునికినాడు. పక్కనున్న స్నేహితుడు చెయ్యి పట్టి లాగకపోయుంటే ఏమయ్యేదో!

ఆ సాయంత్రం నలుగురు స్నేహితులు ఇంటికొచ్చినారు. ‘ఏం కావాలి?’ అని అడగలేదు. ఎవరేం చేస్తారో చెప్పినారు. “కీమో అయిన వారం నీ నైట్ షిఫ్టు నాది” అన్నాడొకడు. “బెంగళూరుకు నా కారులో పోదాం” అన్నాడు ఇంకొకడు. మూడో ఆయన భార్య, నోరు పూసి కారం తినలేని రోజుల్లో చల్లార్చిన రాగి అంబలి, మెత్తని పెరుగన్నం పంపింది. నాలుగో ఆయన ఆదివారం సాయంత్రం చిన్నాయనను బలవంతంగా టీకి పిలుచుకుపోయేవాడు. ఆ గంటసేపు ఆయన భార్య చిన్నమ్మ దగ్గర కూర్చునేది. ఆ టీ అంగడి దగ్గరే చిన్నాయన మొదటిసారి ఏడ్చినాడని తర్వాత తెలిసింది.

కీమో తర్వాత జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే తెల్లారేదాకా ఆగొద్దని డాక్టర్లు ముందే చెప్పినారు. ఆ మందుకు తెల్లకణాలు తగ్గిపోయి, చిన్న ఇన్ఫెక్షనైనా ప్రాణం మీదికి తెస్తుంది. ఐదో కీమో తర్వాత ఒక రాత్రి రెండు గంటలకు జ్వరం అంతకు చేరింది. ఫోను చేసిన కొద్దిసేపటికే కారు వాకిట్లో ఉన్నది.

మరి నేనేం చేసినాను? ఆపిల్ పండ్లు పట్టుకొని పోయి, “ఏమన్నా కావాలంటే చెప్పు చిన్నాయనా” అన్నాను. “ఏమీ వద్దులేమ్మా” అన్నాడు. సాయం చేసినట్టే తిరిగొచ్చినాను. ఆ మాట ఎందుకు పనికిరాదో ఇప్పుడు తెలుస్తున్నది. ఏం కావాలో ఆలోచించే పని, నోరు తెరిచి అడిగే పని, అడిగినందుకు సిగ్గుపడే పని, అన్నీ కష్టంలో ఉన్న మనిషి మీదే వేస్తుంది.

బయటివాళ్ళు ఇంట్లోకి వస్తే జబ్బు మనిషికి మర్యాదేముంటుంది అని కొందరు అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. గాయం కట్టు, స్నానం చిన్నాయన తప్ప ఎవరూ చూడకూడదని చిన్నమ్మ చెప్పింది, అట్లే జరిగింది. జలుబున్నవాళ్ళు గడప దాటలేదు. ఎవరు రావాలో, ఎంతసేపు ఉండాలో ఆమె మాటే చెల్లింది.

అందరికీ అలాంటి స్నేహితులుంటారా అని కూడా అడగొచ్చు. ఉండకపోవచ్చు. అయితే ఆ నలుగురూ ఉన్నోళ్ళేం కాదు. తలా ఒక చిన్న పని పట్టుకున్నారు, చివరిదాకా వదల్లేదు. చిన్నాయన కూడా గర్వం వదిలి ఆ చేతులు అందుకున్నాడు. ఒక మొగాయన భార్య పక్కన నిలబడి, నలుగురు ఆయన పక్కన నిలబడితే, ఇంట్లో ఒక ఆడపిల్ల చదువు ఆగలేదు. లేకుంటే నేనీ రోజు ఈ గోడపత్రికకు రాసేదాన్ని కాదు.

రేడియేషన్ 15 రోజులూ ముగిసింది. చిన్నమ్మ ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటున్నది, చెకప్పులకు పోతున్నది. జుట్టు పొట్టిగా, ఉంగరాలుగా వచ్చింది.

మన తరగతిలో ఎవరైనా వారం రోజులు రాకపోతే, కారణం ఇంట్లో జబ్బయితే, “ఏమన్నా కావాలా?” అని మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. “ఈ వారం నోట్సు నేను రాసి తెస్తా”, “శనివారం పది నుంచి ఒంటిగంట దాకా మీ అమ్మ దగ్గర నేనుంటా, నువ్వు నిద్రపో” అనండి. అన్న రోజు, అన్న టైముకు పోండి.

– బి.ఏ. ద్వితీయ సంవత్సరం విద్యార్థిని