జానెడు గడ్డి ఉండనివ్వండి

హౌరా జిల్లా శిబ్‌పూర్‌లో హుగ్లీ ఒడ్డున 1787లో రాబర్ట్ కిడ్ నెలకొల్పిన వృక్షోద్యానానికి వెళ్ళేవాళ్ళంతా మహా మర్రిని చూసి వస్తారు. మన సామర్లకోటలో ఉంటూ కోరమండల్ తీరపు మొక్కలను తెలుగు పేర్లతో సహా నమోదు చేసిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో బాధ్యతలు చేపట్టింది ఆ తోటలోనే. చెట్టుకు మనమిచ్చే ఆ గౌరవంలో కాస్తయినా దాని కింది పచ్చికకు దక్కాలి. బెంగాల్‌లోనూ ఆంధ్రలోనూ గడ్డిలో పరుపులా గూడు అల్లే హిప్పాసా సాలీళ్ళకు ఆ పచ్చికే ఇల్లు. మంచు పడ్డ ఉదయం తప్ప ఆ గూడు కంటికి ఆనదు. గడ్డిపోచల మధ్య పలచగా పరిచిన దారాల తెర, ఒక అంచున లోపలికి దిగే గొట్టం, దాని మూతి దగ్గర కాచుకున్న సాలీడు. ఈ దారాలకు జిగురుండదు. పురుగు కాలు వాటిలో తట్టుకుని తెర అదిరితే చాలు, సాలీడు పరుగున వచ్చి దాన్ని గొట్టంలోకి ఈడ్చుకుపోతుంది. ఆడది గుడ్ల సంచిని వెంట మోసుకు తిరుగుతుంది, పిల్లలు పుట్టాక వీపున ఎక్కించుకుంటుంది. గడ్డిని నేలమట్టంగా గొరిగే యంత్రం ఒక్కసారి తిరిగితే ఇదంతా పోతుంది.

పోతే ఏమిటి నష్టం అనేవారికి వరిచేలే జవాబు. గోదావరి రైతును ఏడిపించే సుడిదోమను తినేవాటిలో హిప్పాసా కుటుంబానికే చెందిన తోడేలు సాలీళ్ళు ముఖ్యమైనవి. మందులు కొట్టి వాటిని చంపుకుంటే దోమ మరింత విజృంభిస్తుందని తెలిశాకే ఇండోనేషియా 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది. సాలీడు మంచి పురుగులనూ తింటుందన్న మాట నిజమే, దానికి ఆ తేడా తెలియదు. కానీ ఆ సాలీడు కూడా పిట్టకు, తొండకు ఆహారమే. గడ్డి పెరిగితే పాములు చేరతాయన్న భయాన్ని మాత్రం కొట్టిపారేయకూడదు. నడకదారుల వెంట, పిల్లలు ఆడుకునే చోట కోయాల్సిందే. గడ్డి ఉంటే డెంగీ వస్తుందన్న భయం సంగతి వేరు. ఈడిస్ దోమ పెరిగేది పాత టైర్లలో, కుండీల కింది పళ్ళాల్లో నిలిచిన నీటిలో. వాటిని ఒంపకుండా పచ్చిక గొరిగితే డెంగీ ఆగదు. మన నగరాల పార్కుల్లో ఒక ముక్క కోసినప్పుడు పక్క ముక్కను జానెడెత్తున వదిలి, ఇక్కడ మళ్ళీ ఎదిగాక అటు వెళ్ళవచ్చు. రాలిన ఆకును తగలబెట్టకుండా చెట్టు మొదట్లో పోస్తే సరిపోతుంది. దీనికి కొత్త నిధులేమీ అక్కర్లేదు, కోత యంత్రం నడిపే మనిషికి అధికారులు ఒక మాట చెబితే చాలు.