ఒంటిపూట బడి వదిలే వేళ మారాలి

మార్చి సగానికి వచ్చేసరికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒంటిపూట బడులు మొదలవుతాయి. తెలంగాణలో 8 గంటలకు, ఆంధ్రప్రదేశ్‌లో 7.45కు గంట కొడతారు. రెండు చోట్లా 12.30కి వదిలేస్తారు. పిల్లల్ని ఎండ నుంచి కాపాడటానికే ఈ ఏర్పాటు అంటాం. కానీ జరుగుతున్నదేమిటి? చల్లటి పూటంతా గదిలో కూర్చోబెట్టి, సరిగ్గా ఎండ నడినెత్తికి వచ్చాక పిల్లల్ని రోడ్డు మీదికి పంపుతున్నాం. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయట తిరగొద్దని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఏటా హెచ్చరిస్తుంది. అందరికీ చెప్పే ఆ జాగ్రత్తను బడి టైంటేబులే పిల్లల చేత రోజూ తప్పిస్తోంది. తెలంగాణలో పదో తరగతి పరీక్షా కేంద్రాలున్న బడుల సంగతి మరీ బాధాకరం. అక్కడ పరీక్షలు ముగిసేదాకా మిగతా తరగతులకు బడి మధ్యాహ్నం 1 నుంచి 5 దాకా. ఆ పిల్లలు మండుటెండలో బడికి నడిచి రావాలి.

ఆ వేళ ఎంత ప్రమాదమో నీడను గమనిస్తే తెలుస్తుంది. ఏప్రిల్ మూడో వారంలో హైదరాబాద్‌లో పన్నెండున్నరకు నాలుగడుగుల పిల్లవాడి నీడ అరడుగుకు అటూ ఇటూగానే ఉంటుంది. పొద్దున వీధికి ఒక పక్కన ఇళ్ల గోడల నీడలో నడిచి వచ్చిన పిల్లవాడికి, తిరిగి వెళ్లేటప్పుడు అదే వీధిలో తలదాచుకునేంత నీడ దొరకదు. వార్తల్లో వినే 42 డిగ్రీలు నీడలో, గాలి ఆడే తెల్లపెట్టెలో, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున కొలిచిన లెక్క. ఎండ పడే తారు రోడ్డు దాని కంటే చాలా ఎక్కువగా కాలుతుంది. పెద్దవాళ్ల కంటే పిల్లవాడి తల, ఛాతీ ఆ నేలకు దగ్గరగా ఉంటాయి. పైగా బరువుతో పోలిస్తే పిల్లల చర్మం వైశాల్యం ఎక్కువ. బయటి గాలి ఒంటి కన్నా వేడిగా ఉన్నప్పుడు ఆ వేడి లోపలికి తొందరగా చేరుతుంది. పిల్లలకు చెమట కూడా తక్కువ పడుతుంది. ఆటలో పడితే దాహం సంగతే గుర్తుండదు. టోపీ పెట్టుకోమని, సీసాతో నీళ్లు తెచ్చుకోమని చెప్పడం మంచిదే. కానీ వేళ మార్చకుండా ఇచ్చే ఆ సలహాతో బాధ్యతంతా ఎనిమిదేళ్ల పిల్లవాడి మీద పడుతుంది.

ఉదయం 11 నుంచి సాయంత్రం 4 మధ్య ఏ బడీ పిల్లల్ని బయటికి పంపకూడదన్నది నా వాదన. ఇల్లు దగ్గరగా ఉండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే పదిన్నరకే భోజనం పెట్టి పంపవచ్చు. మిగతావాళ్లు బడిలోనే తిని, సాయంత్రం దాకా నీడపట్టున ఉండాలి. మిర్చి కోతలకో, ఉపాధి హామీ పనికో తల్లిదండ్రులు వెళ్లిపోయిన ఇంట్లో పిల్లవాడికి మధ్యాహ్నం ఏముంటుంది? సిమెంటు రేకుల కప్పు అప్పటికి పెనంలా కాలుతుంటుంది. లోపల ఉండలేక చెరువుకో, కాలువకో, వ్యవసాయ బావికో పోతాడు. ఈతకు వెళ్లి మునిగిపోయిన పిల్లల వార్త లేని వేసవి మనకు లేదు. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆడుకుంటూ ఆగి ఉన్న కారెక్కి, తలుపులు పడిపోయి ఊపిరాడక చనిపోయారు. ఎండ ఒక్కటే కాదు, పెద్దల కన్ను లేని వేసవి పగలు కూడా పిల్లల ప్రాణాలు తీస్తోంది.

బడి గదులు మాత్రం చల్లగా ఉన్నాయా అని అడుగుతారు. చాలా చోట్ల లేవు, నిజమే. కానీ వందల ఇళ్ల కప్పులు బాగుచేయడం కంటే ఒక్క బడి కప్పు మీద తెల్లటి పూత వేయడం, ఫ్యాన్లు తిరిగేలా చూడటం, కుండల్లో నీళ్లు నింపి పెట్టడం తేలిక. తెలంగాణ 2023లోనే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఆ పూత మొదట పడాల్సింది పల్లెటూరి బడుల మీద. టీచర్ల అభ్యంతరం ఇంకా బరువైనది. పొద్దున్నే దూరం నుంచి వచ్చినవాళ్లని సాయంత్రం దాకా ఉండమనడం న్యాయం కాదు. వంతులవారీగా ఇద్దరు ఉంటే చాలు. ఒకే టీచరున్న బడికి ఆయాను పెట్టి, ఆమె జీతం ప్రభుత్వమే ఇవ్వాలి. ఇందుకు ఖర్చవుతుంది, పెట్టక తప్పదు.

మా రోజుల్లో చెప్పుల్లేకుండా తిరిగాం, ఏమైందని పెద్దలంటారు. తట్టుకుని పెరిగినవాళ్లే ఈ మాట చెప్పగలరు. తట్టుకోలేని పిల్లల సంగతి వాళ్ల అమ్మానాన్నలకే తెలుసు. 2015 మేలో వడగాలులకు రెండు రాష్ట్రాల్లో కలిపి దాదాపు రెండు వేల మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది వృద్ధులు, కూలీలు కదా, పిల్లలకేం భయమని సరిపెట్టుకోవడం పొరపాటు. వాంతులతో, జ్వరంతో ఇంటికొచ్చి రెండు రోజులు పడుకున్న పిల్లవాడు చావుల లెక్కలోకి రాడు, అంతమాత్రాన వాడికి జరిగింది చిన్నది కాదు.

11 నుంచి 4 దాకా పిల్లల్ని బయటికి పంపకూడదన్న నియమం మార్చి, ఏప్రిల్‌తో ఆగకూడదు. 2023 జూన్‌లో బడులు తెరిచాక కూడా ఎండలు తగ్గక ఆంధ్రప్రదేశ్ ఒంటిపూట బడులే నడిపింది. అప్పుడూ ఎండ ముదిరాకే వదిలారు. ఒంటిపూట బడుల ఉత్తర్వు ఏటా ఎలాగూ కొత్తగా వెలువడుతుంది. వచ్చే మార్చిలో ఇచ్చే ఉత్తర్వులో బడి మొదలయ్యే వేళతో పాటు, ఏ వేళలో పిల్లవాడు గేటు దాటకూడదో కూడా రాయాలి.