గడువు తీరిన సర్టిఫికెటు

కళాశాల వెబ్‌సైటు తెరవగానే ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అన్న హెచ్చరిక వస్తే మన విద్యార్థి ఏమి చేస్తాడు? కొల్లేటి లంక నుండి ఏలూరు వచ్చి, ఫీజు కట్టే చివరిరోజున ఇంటర్నెట్ సెంటరులో కూర్చున్నవాడు దానిని లెక్కచేయక ముందుకు పోతాడు. ఆ అలవాటే రేపు అతనిని దొంగ స్కాలర్‌షిప్ పేజీకి అప్పగిస్తుంది. మా భయమంతా అదే.

ఈ హెచ్చరికకు తరచు కారణం గడువు తీరిన ఎస్ఎస్ఎల్ సర్టిఫికెటు. 2015లో ఆరంభమైన లెట్స్ ఎన్‌క్రిప్ట్ దానిని ఉచితంగానే ఇస్తున్నది. సర్వరులో సర్ట్‌బాట్ ప్రోగ్రామును నెలకొల్పి ఒక ఆదేశం టైపు చేస్తే, సైటు మనదేనని అది ఋజువు చూపి సర్టిఫికెటు తెస్తుంది; గడువుకు ముందే తిరిగి తెచ్చే ఏర్పాటూ చేయవచ్చు. అయితే కొత్తది వచ్చినా వెబ్ సర్వరును రీలోడ్ చేయకుంటే అది పాతదానినే చూపిస్తూ ఉంటుంది. అందుకే ‘డిప్లాయ్ హుక్’ అనే చోట రీలోడ్ ఆదేశాన్ని వ్రాయాలి. చాలామంది మరచేది ఇదే.

గడువును గుర్తుచేసే ఈమెయిళ్లను ఆ సంస్థ 2025 జూన్‌లో మానివేసింది. 2029 మార్చి నుండి ఏ సర్టిఫికెటుకైనా గరిష్ఠ గడువు 47 రోజులే. గుమాస్తాగారి జ్ఞాపకశక్తి (అది ఎంత గొప్పదైనా) ఇక చాలదు.

డొమైను, సర్వరు లాగిన్లు కళాశాల పేరనే ఉంచి, ఈ పనిని మన కంప్యూటర్ విద్యార్థులచేత ఈ వేసవి సెలవుల్లోనే చేయించవలసిందిగా కమిటీ పెద్దలను కోరుతున్నాము.