పాత కారునకు న్యాయమైన వెల యేది?

ఒకప్పుడు గ్రామమున కారు మోతుబరి యింటి ముంగిట మాత్రమే కానవచ్చెడిది. నేడు అయిదెకరముల రైతునకు గూడ దాని యవసరము కలుగుచున్నది. రాత్రివేళ రోగిని ఆసుపత్రికి చేర్చుటకును, కూరగాయలను రైతుబజారునకు కొనిపోవుటకును చిన్న కారు అక్కరకు వచ్చును. క్రొత్తది కొన శక్తి చాలనివారు పది పండ్రెండేండ్లు వాడిన దానిని కొనుచున్నారు. ఇందు తప్పేమియు లేదు. అయితే బేరము సాగు తీరు మాత్రము విచారింపదగియున్నది. రైతు తన ధాన్యమును ఇతరులు చెప్పిన ధరకు అమ్మును. పాత కారును గూడ ఇతరులు చెప్పిన ధరకే కొనును. “అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి” యను సామెత యీ రెంటను నిజమగుచున్నది.

మోడలు సంవత్సరమును బట్టి వెల కట్టుట మనలో పరిపాటి. ఇది చాలదు. భీమా కంపెనీలు బండి విలువ కట్టుటకై అనుసరించుచు వచ్చిన తరుగుదల పట్టికను చూడుడు. ఆరు నెలలు దాటని బండికి నూటికి 5, ఏడాది దాటనిదానికి 15, రెండేండ్లకు 20, మూడేండ్లకు 30, నాలుగేండ్లకు 40, అయిదేండ్లకు 50 వంతులు తరుగు. అయిదేండ్లు దాటిన పిమ్మట పట్టిక ఆగిపోవును. ఆపై విలువను కంపెనీయు యజమానియు ఒడంబడి నిర్ణయించుకొనవలసినదే. వయస్సొక్కటే పాత బండి వెలను చెప్పజాలదని దీనివలన తేలుచున్నది. ఎద్దును కొనునపుడు మనము వయస్సడిగి ఊరకుందుమా? పండ్లు చూతుము, గిట్టలు చూతుము, కాడి కట్టి నడిపించి చూతుము. కారు విషయమున ఆ మెలకువ యేల సడలవలెను?

న్యాయమైన వెలను కనుగొనుటకు మార్గము సులభమైనదే. అదే మోడలు, అదే వయస్సు గలిగి, చక్కని స్థితిలోనున్న బండి మన ప్రాంతమున ఇటీవల ఎంతకు చేతులు మారెనో నాలుగైదు బేరములనుండి తెలిసికొనవలెను. అమ్మువారు అడిగిన ధర లెక్కకు రాదు. ఇచ్చిపుచ్చుకొన్న ధరయే లెక్క. దానినుండి ఈ బండిని ఆ స్థితికి తెచ్చుటకు వలయు ఖర్చును తీసివేయవలెను. మాటవరుసకు, మంచి బండి వెల రూ. 1,20,000 అనుకొందము. నాలుగు టైర్లకు 13,000, క్లచ్చికి 6,000, బ్యాటరీకి 4,000, టైమింగ్ బెల్టుకు 3,000 వలయునని మెకానిక్ చెప్పినచో, మొత్తము 26,000 పోగా మిగిలిన 94,000 దాని వెల. కంటికి కనబడని లోపములకై మరికొంత తగ్గించి అడుగుట న్యాయమే. ఇట్లు లెక్క వ్రాసి చూపినచో బేరము కలహము గాక విచారణ యగును.

ఆ ఖర్చును తెలిసికొనుటకు పరీక్ష వలయును. ఇంజను చల్లగా నున్నప్పుడే స్టార్టు చేయించి చూడుడు. పొగ నీలిరంగున నున్న ఆయిలు కాలుచున్నదనియు, నలుపైన పెట్రోలు అధికముగా పోవుచున్నదనియు, తెల్లని పొగ విడువక వచ్చుచు రేడియేటరు నీరు తరుగుచున్న ఇంజను హెడ్డు గాస్కెటు చెడినదనియు అనుమానింపవలెను. టైరు ప్రక్కన అచ్చైన నాలుగంకెలు దాని జాతకము: 2319 అనియున్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. మీటరు చూపు కిలోమీటర్లు తక్కువగానుండి, పెడల్ రబ్బర్లు మిక్కిలి అరిగియున్న, మీటరును నమ్మరాదు. తీరప్రాంతపు బండ్లకు అడుగున తుప్పు చూడవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తినప్పుడు ఎన్నియో వాహనములు నీట మునిగినవి. అట్టి బండ్లు తుడిచి రంగువేసి అమ్మకమునకు వచ్చుట వింత కాదు. కాళ్లక్రింది తివాచి యెత్తి ఒండ్రును, సీటు పట్టాల తుప్పును పరిశీలించిన గుట్టు బయటపడును.

కాగితములును వెలలో భాగమే. సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. పిదప తనిఖీ చేయించి అయిదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను. 1983 డిసెంబరున మార్కెట్టులోనికి వచ్చిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినది. ఆ యేట రిజిస్టరైన చివరి బండ్లకు గూడ 2029తో ఈ గడువు తీరును. కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్‌నుండి రూ. 600 పోయి రూ. 5,000 అయినది, మరింత పాతబండ్లకు తరువాత ఇంకను హెచ్చినది. గడువు దగ్గరపడిన బండికి ఈ రుసుమును, హరిత పన్నును, తనిఖీకై చేయించు మరమ్మతులను గూడ వెలనుండి తగ్గింపవలెను. ఆర్.సి. పైన ఫైనాన్సు కంపెనీ పేరున్నదేమో ఎం పరివాహన్ యాప్‌లో చూచుకొనుడు. ఉన్నచో, బాకీ తీరినట్లు 35వ నంబరు ఫారము లేనిదే పైకమియ్యవలదు. 29, 30 నంబరు ఫారములపై సంతకములు చేసి ఊరకుండరాదు. పేరు మార్పు రికార్డులకు ఎక్కనంతవరకు ప్రమాద పరిహార బాధ్యత రిజిస్టరైన యజమానిదేయని సుప్రీంకోర్టు 2018లో తీర్పుచెప్పినది. కావున ఇందు అమ్మినవానికే ఎక్కువ భయము.

ఈ విషయము మన సంఘమునకేల యని కొంద రడుగవచ్చును. జార్జి ఏకర్లాఫ్ అను అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు 1970లో పాత కార్ల బజారును గూర్చియే ఒక వ్యాసము వ్రాసెను. ఆ కృషికి 2001లో నోబెల్ బహుమానమును మరి యిద్దరితో పంచుకొనెను. ఆయన చెప్పినదిది: బండి గుణము అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియదు. కొనువాడు మంచిచెడ్డలు ఏర్పరుపలేక సగటు ధరయే యిచ్చును. ఆ ధరకు మంచి బండి గలవాడు అమ్మ నిష్టపడడు. క్రమముగా బజారున చెడ్డవే మిగులును. ఆ వ్యాసముననే ఆయన భారతదేశపు వడ్డీవ్యాపారిని, వానికి పోటీగా వెలసిన సహకారోద్యమమును ప్రస్తావించెను. తెలిసినవానికిని తెలియనివానికిని నడుమనున్న అంతరమే రెండుచోట్లను దోపిడికి మూలము. ఆ యంతరమును తగ్గించుటకే సంఘములు పుట్టినవి.

కావున నా సూచన యిది. ప్రతి సంఘమును ఒక రిజిస్టరు నుంచవలెను. సభ్యుడు కారు కొన్నను, అమ్మినను మోడలు, సంవత్సరము, తిరిగిన కిలోమీటర్లు, ఇచ్చిన వెల, మొదటి ఆరు మాసములలో అయిన మరమ్మతుల ఖర్చు అందు వ్రాయింపవలెను, పేర్లు అక్కరలేదు. దళారులతో పొత్తులేని మెకానికును నిర్ణీత రుసుముపై ఏర్పరచి, కొనుటకు ముందు బండిని పరీక్ష చేయింపవలెను. అమ్ము సభ్యుడు తనకు తెలిసిన లోపములను వ్రాసి సంతకము చేయవలెను. దీనివలన కొనువానికే గాక నిజాయితీపరుడైన అమ్మువానికిని లాభము కలదు. మంచి బండికి మంచి వెల యేల యియ్యవలెనో అతడు చూపగలడు. సంఘమునకు విత్తనములు, ఎరువుల పనియే చాలునందురేని, ఈ యేర్పాటునకు కావలసినది ఒక పుస్తకము, ఒక కలము మాత్రమే.

కడపటి మాట. పంటకై తీసిన ఋణమును కారునకు మళ్లింపరాదు. పాతబండి ఆదాయము తేకపోయినను ఖర్చు తెచ్చుట మానదు. వాయిదా నాటికి సొమ్ము కావలసినది సంఘమునకు. కొన్న తరువాత ఏడాదికి పెట్రోలు, భీమా, మరమ్మతులు ఎంతయగునో ముందే లెక్కించి, ఆ ఖర్చును భరింపగలిగిననే బేరమునకు దిగవలెను. తెలిసి యిచ్చిన వెలయే న్యాయమైన వెల. ఆ తెలివిని ఒక్కొక్కరుగా నష్టపడి సంపాదించుటకంటె, పదుగురము కలిసి పంచుకొనుట మేలు.