సముద్రపు గాలి మాత్రకు బదులు కాదు

హైదరాబాదులోనో, విశాఖపట్నంలోనో ముప్ఫయ్యేళ్లు ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ఉప్పలగుప్తం వంటి చోట శేషజీవితం గడపాలని కోరుకునేవారు చాలామంది ఉన్నారు. కోరిక మంచిదే. బస్సుల రొద ఉండదు, పొగ ఉండదు. కొబ్బరి చెట్ల నీడ, ఎస్. యానాం తీరాన సాయంకాలపు నడక. నిద్ర బాగా పడుతుంది, మనసు కుదుటపడుతుంది.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. రెండు నెలలు గడిచేసరికి, "పట్నంతో పాటే జబ్బూ వదిలిపోయింది" అనుకుని రక్తపోటు మాత్ర మానేస్తారు. ఇంతకన్నా ప్రమాదం లేదు. ప్రశాంతత వల్ల రక్తపోటు కొంత తగ్గవచ్చు. కాని అది అదుపులో ఉన్నది ముఖ్యంగా మీరు వేసుకునే మాత్ర వల్లనే. మానేస్తే మళ్లీ పెరుగుతుంది. పెరిగినట్టు చాలామందికి తెలియనే తెలియదు. ఒక రాత్రి పక్షవాతం రూపంలో తెలుస్తుంది.

మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా తెల్లవారేదాకా ఆగకండి. పసరు వైద్యం జోలికి పోకండి. వెంటనే 108కి ఫోను చేయండి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల, అదీ స్కానింగు తీశాకనే ఇస్తారు. కాబట్టి అమలాపురంలోనో, కాకినాడలోనో రాత్రింబవళ్లు స్కానింగు చేసే ఆస్పత్రి ఏదో, అక్కడికెంత సేపు పడుతుందో ముందే విచారించి గోడమీద రాసి పెట్టుకోండి.

ఇక నీళ్లు. తీరం దగ్గర చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది. కాచి తాగితే సరిపోతుందనుకోవడం పొరపాటు. కాచితే క్రిములు చస్తాయి గాని ఉప్పు పోదు. పెద్దవారికి రోజుకు మొత్తం 5 గ్రాముల ఉప్పు, అంటే ఒక చిన్న చెంచాడు, మించరాదు. ఆవకాయ, ఎండు చేపలు, ఉప్పునీరు కలిస్తే ఆ లెక్క ఇట్టే దాటిపోతుంది. తాగడానికీ, వంటకూ మంచినీరే వాడండి.

కొబ్బరి బొండాం అందరికీ అమృతం కాదు. ఒక గ్లాసు నీటిలో దాదాపు అర గ్రాము పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వంటి మందులు వాడేవారిలో కొందరికీ అది రక్తంలో పేరుకుని గుండె లయను దెబ్బతీయవచ్చు. ఎన్ని తాగవచ్చో మీ డాక్టరును అడగండి.

తుపానుల సంగతీ మరవరాదు. 1996 నవంబరు 6న కోనసీమను తుపాను కబళించినప్పుడు చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి, కరెంటు పోయింది. ఏటా అక్టోబరు వచ్చేసరికి కనీసం పదిహేను రోజుల మందులు, డాక్టరు చీటీ నకలుతో సహా, తడవని సంచిలో సిద్ధంగా ఉంచుకోండి. ఇన్సులిన్ వాడేవారు కరెంటు లేనప్పుడు సీసాను ప్లాస్టిక్ కవరులో చుట్టి, నీడలో తడి మట్టికుండలో పెట్టవచ్చు.

దూరపు కొండలు నునుపు అన్నారు. ఊరు మారే ముందు ఒకసారి పూర్తిగా పరీక్ష చేయించుకోండి. మారాక నెలకోసారి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు చూపించుకోండి. మందు తగ్గించాలన్నా, మానాలన్నా అది డాక్టరు చెప్పవలసిన మాట, సముద్రపు గాలి చెప్పేది కాదు.