ఫ్రీసియనుల చెలియలికట్ట

సముద్రము చెలియలికట్ట దాటదని మన పూర్వకవుల విశ్వాసము. గాంభీర్యమునకు, మర్యాదకు ఉపమానము వలసినపుడెల్ల వారు సముద్రునే స్మరించిరి. తెలుగు విద్యార్థికి ఈ పోలిక చిరపరిచితము. కాని ఉత్తరసముద్రపు టొడ్డున, నేటి నెదర్లాండ్సు, జర్మనీ దేశములలో నివసించు ఫ్రీసియనులకు ఇది చెప్పినచో నవ్వుదురు. వారి సముద్రము దినమునకు రెండుమార్లు ఎల్ల దాటును. పోటువేళ నీరు, ఆటువేళ మైళ్లకొలది బురద. ఏది నేల, ఏది కడలి అని తేల్చు గీతను అచట ప్రకృతి గీయలేదు. సముద్రమును దేవుడు చేసెను, తీరమును ఫ్రీసియనుడు చేసెను అని వారిలో నొక నానుడి. ఇందు గర్వము పాలు హెచ్చే గాని, అబద్ధము తక్కువ.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమను పండితుడు ప్లినీ ఈ తీరమును చూచి వ్రాసెను. అతడు వర్ణించినది ఫ్రీసియనుల పొరుగువారైన చౌకీలను. బ్రతుకు తీరు మాత్రము ఇరువురిదియు నొక్కటే. దిబ్బలపై గుడిసెలు కట్టుకొని, వాననీరు త్రాగి, బురదమంటిని గాలికి ఎండబెట్టి కాల్చుకొను ఈ జనులు అతని కంటికి పరమదీనులుగా తోచిరి. ఇట్టివారు సైతము రోముకు లొంగుట దాస్యమనుకొందురే యని అతనికి విస్మయము! ప్లినీ చూచెను గాని గ్రహింపలేదు. ఆ దిబ్బ దైన్యమునకు గుర్తు కాదు. బంకమన్ను, పేడ, ఇంటి చెత్త పొరలు పొరలుగా వేసి, తాతలు మొదలిడినదానిని మనుమలు ఎత్తుచేసిన కట్టడమది. నెదర్లాండ్సులోని హోగెబైంతుం గ్రామపు దిబ్బ దాదాపు 9 మీటర్ల ఎత్తు. పందొమ్మిదవ శతాబ్దమున ఇట్టి దిబ్బలను అనేకము త్రవ్వి, ఆ సారవంతమైన మంటిని ఎరువుగా నమ్ముకొనిరి. పూర్వులు ప్రాణములు దాచుకొన్న మన్ను పడవలకెక్కి పరుల పొలములకు పోయెను.

రమారమి పదునొకండవ శతాబ్దము నుండి దిబ్బలతో తృప్తిపడక, పొలముల చుట్టు కరకట్టలు వేయనారంభించిరి. కట్టతో పాటు చట్టము పుట్టినది. భూమి గల ప్రతివాడును కట్టలో తన వంతు కాపాడవలెను. కాపాడలేనివాడు తన పారను కట్టలో గ్రుచ్చి వెడలిపోవలెను. ఆ పారను పెరికినవానికి ఆ భూమియు, దానితో ఆ భారమును సంక్రమించును. దీనికి పారధర్మమని పేరు. వినుటకు నిర్దయముగా నుండును. కాని ఒక్కని వంతు తెగినచో ఊరంతయు మునుగునపుడు, ఒక్కని సోమరితనము అతని సొంత విషయమగునా?

ఈ ధర్మమునకు రెండవ ముఖము కూడ కలదు. 1634 అక్టోబరు 11వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన ఉత్తర ఫ్రీసియాలోని స్ట్రాండ్ అను దీవిని ముక్కలు చేసెను. నేటి నోర్డ్‌స్ట్రాండ్, పెల్‌వోర్మ్ దాని శకలములే. ఆ దీవిలోనే 6,000 మందికి పైగా మడసిరి. మిగిలినవారికి కట్టలు మరల వేయు శక్తి లేకపోయెను. 1652లో గొట్టోర్ప్ ప్రభువు ఆ భూమిని డచ్చి పెట్టుబడిదారులకు ధారాదత్తము చేసెను. ఇల్లాండ్రను, బిడ్డలను నీటికి అర్పించినవారు పారధర్మము ననుసరించి భూమిని కూడ పోగొట్టుకొనిరి. సోమరిని శిక్షింపవలసిన చట్టము శోకార్తుని శిక్షించినది.

పాఠశాలలలో చెప్పదగినది ఈ భాగము. కాని లోకమున ప్రచారము పొందినది రుంగ్‌హోల్ట్ కథ. 1362 జనవరి 16న వచ్చిన మహాప్రళయమున ఈ రేవుపట్టణము మాయమయ్యెను. ధనమదాంధులైన అచటి జనులు ఒక పందికి మద్యము త్రాపి, మంచమున పరుండబెట్టి, రోగికి అంత్యసంస్కారము చేయుమని పురోహితుని పిలిచి పరిహసించిరట. దేవుడు కోపించి ఊరిని ముంచెనట. కథ రమ్యముగానే యున్నది. చనిపోయినవారిపై వేసిన నింద యని తలచినపుడు మాత్రము రమ్యత తగ్గును. నిజమునకు ఆ ప్రాంతీయులు ఉప్పునీట నానిన పీటు మంటిని త్రవ్వి, కాల్చి, బూడిద నుండి ఉప్పు తీసి అమ్మెడివారు. త్రవ్విన కొలదియు నేల క్రుంగెను. నీరు తీసివేసిన పొలములును అణగెను. దానికి దశాబ్దము పూర్వమే మహామారి వచ్చి యూరపులో పనిచేయు చేతులను తగ్గించియుండెను. పంది కథకంటె ఈ కథ బాలురకు కష్టము కాదు. 2023లో జర్మను పరిశోధకులు ఆ బురద క్రింద సుమారు 40 మీటర్ల పొడవు గల చర్చి పునాదులను గుర్తించిరి. పాపుల ఊరని చెప్పబడిన చోట అంత పెద్ద దేవాలయము!

సముద్రమును జయించిన జాతి యని వీరిని పొగడుటయు నట్టిదే. జయించినవారు సముద్రముపైనే ఇంత బ్రతుకు వెళ్లబుచ్చరు. పదునేడవ శతాబ్దమున ఫోర్ దీవి యువకులు డచ్చి ఓడలపై తిమింగిలముల వేటకు ఉత్తరధ్రువ ప్రాంతములకు పోవుచుండిరి. అచటి మతాచార్యుడు రిఖార్డుస్ పేత్రి వారికి నౌకాయాన గణితమును ఉచితముగా బోధించెను. నేర్చినవాడు తానును ఇతరులకు నేర్పవలెనను నియమమొక్కటే అతడు కోరిన గురుదక్షిణ. ఆ దీవివాడే మట్టియాస్ పేటర్సన్ 373 తిమింగిలములను పట్టెనని అతని సమాధిశిల చెప్పుచున్నది. ఇట్టి శిలలపై ఓడల బొమ్మలు, యాత్రల చరిత్రలు చెక్కబడినవి. శిలకు నోచుకొనక సముద్రముననే కలిసినవారి లెక్క వేరు.

నేడు ఉత్తర ఫ్రీసియాలో హల్లిగులను చిన్న దీవులు పది యున్నవి. వానికి ఎత్తైన కట్టలు లేవు. ఏటేట పెక్కుమార్లు పొలములు మునుగును. ఇండ్లున్న దిబ్బలు మాత్రము నీటిపై తేలినట్లు కనుపట్టును. 1962 ఫిబ్రవరి ఉప్పెన తరువాత అచటి ఇండ్లలో కాంక్రీటు స్తంభములపై ఆశ్రయపు గదులు కట్టిరి. ప్లినీ జాలిపడిన దిబ్బయే, సిమెంటు తోడుగా, ఇప్పటికిని వారిని మోయుచున్నది. మునిగిన ప్రతిసారియు నీరు పలుచని ఒండ్రు పొర విడిచిపోవును. నేలను పెంచునది ఆ ఒండ్రే. కట్టను హెచ్చించినచో ఉప్పెన రాదు, ఒండ్రును రాదు. సముద్రమట్టము పెరుగుచున్న ఈ కాలమున, ఉప్పెన తీసిన పిమ్మట పరిశోధకులు ఆ బురద పొరను మిల్లీమీటర్లలో కొలుచుచున్నారు.